మేనత్త తారీకు మార్చుకుంటుంది

బావమరిది తన తోడబుట్టిన అక్కను పదిమందిలో దోషిగా నిలబెట్టాడు. ఆమె చేయని తప్పుకు నిలబెట్టాడు. ఇది ఆమె భర్తగా ఆయన అనుకునే మాట కాదు, జరిగిన సంగతి. జరిగి ఆరేళ్లయింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. మనిషి పోయినంత మాత్రాన సంగతి మారదు.

ఆఫీసు బావమరిదిది. మూడు గదులు, ఒక వరండా, కింద సైకిళ్లు బాగుచేసే దుకాణం. రోగులు ఇంటి నుంచే డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకునే వెబ్ ప్రోగ్రాము అక్కడ తయారవుతుంది. అందులో మొదటి లైను రాసింది ఆయన. మొదటి తప్పు పట్టింది ఆయన భార్య, ఆ అక్క.

మొదట్లో వరండాలో ఒకటే బల్ల, ఒకటే కంప్యూటరు. పొద్దున ఆయన రాసేవాడు. మధ్యాహ్నం ఆమె కుర్చీలో కూర్చుని పరీక్షించేది. అట్ట వేసిన పొడుగు నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మెట్టూ పైకి చదివి బటన్లు నొక్కేది. ఆయన వెనక స్టూలు మీద కూర్చుని "ఊఁ" కొట్టేవాడు. పుస్తకంలో పరీక్షలకు ఆమె అంకెలు వేసేది కానీ, పిలిచేది మాత్రం చుట్టాల వరసలతో. ఎవరు ఎలాంటి తప్పు చేస్తారో ఆమెకు చుట్టాల్ని చూసే తెలిసింది.

"పెద్దత్తగారు: ఫోను నంబరు మధ్యలో ఖాళీలు వదులుతుంది."

"వియ్యపురాలు: బటను నొక్కుతుంది. ఏమీ కాలేదని మళ్లీ నొక్కుతుంది."

"చిన్న మరిది: సగం నింపి వెనక్కి పోతాడు, మళ్లీ వచ్చి నేను రాసిందేదీ అంటాడు."

"మా ఆయన: పాస్‌వర్డు తప్పు కొడతాడు. కంప్యూటరు తప్పంటాడు."

ప్రోగ్రాములో చేసిన మార్పులను విడుదల చేసే ముందు రెండున్నర రోజులు అలా సాగేది. ఆఖరి పరీక్షకు టిక్కు పెట్టి, పుస్తకం టప్పున మూసి "పంపెయ్" అనేది. అప్పుడు ఆయన పంపేవాడు. ఆ టప్పుమనే చప్పుడు లేకుండా ఆ రోజుల్లో ఒక్క లైను కూడా ఆ ఆఫీసు దాటి పోలేదు. తరువాత మనుషులు పెరిగారు, బల్లలు పెరిగాయి. ఎవరు రాసిన కోడైనా ముందు ఆయన కంటి కిందికి రావాలి, తరువాత ఆమె చేతి కిందికి పోవాలి. కుర్రకారు ఆయనకు చెక్‌పోస్టు అని పేరు పెట్టారు. ఆమెను మాత్రం అందరూ అక్క అన్నారు.

ఆ ప్రోగ్రాములో తీసుకున్న అపాయింట్‌మెంటును వేరే తారీకుకు మార్చుకునే వీలుండేది. మార్చుకుంటే కొత్త తారీకుకు ముందురోజు రోగి ఫోనుకు గుర్తుచేసే సందేశం వెళ్లాలి. పాత తారీకుకు వెళ్లకూడదు. ఆరేళ్ల కిందట కొన్ని రోజులు పాత తారీకులకూ వెళ్లింది. ఒక ముసలావిడ రెండు బస్సులు మారి, వానలో తడిసి వచ్చి, డాక్టరు లేని గది ముందు సాయంత్రం దాకా కూర్చుంది. కొడుకు వచ్చి ఆస్పత్రిలో గొడవ చేశాడు. ఆస్పత్రివాళ్లు బావమరిది మీద పడ్డారు. సోమవారం మీటింగులో అతను అందరి ముందూ అడిగాడు.

"అక్కా, ఇది నువ్వు చూడలేదా?"

ఆమె ఆ రోజే జ్వరం నుంచి లేచి వచ్చింది. శాలువా కప్పుకుని ఉంది.

"చూసుండాల్సింది. నాదే పొరపాటు" అంది.

ఆ సాయంత్రానికల్లా తారీకు మార్చుకునే వీలును ప్రోగ్రాములోంచి పీకేశారు. నెల తిరక్కుండా ఆమెను పరీక్షల నుంచి తప్పించి ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. రెండేళ్లు అక్కడే కూర్చుంది. ఆ తరువాత గుండె.

ఆమె పుస్తకంలో నూట ముప్పై ఏడో పరీక్ష అదే. "మేనత్త: తారీకు మార్చుకుంటుంది. పాత తారీకుకు సందేశం రాకూడదు." దాని పక్కన ప్రతి విడుదలకూ ఒక టిక్కు ఉంది. అంటే ఆమె పరీక్షించింది, బాగానే ఉంది, ఆ తరువాత ఎవరో కోడులో చెయ్యి పెట్టారు. ఆ రోజుల్లో చెక్‌పోస్టు తప్పించుకుని హడావిడిగా కోడు మార్చే అలవాటు ఒక్క మనిషికే ఉండేది. ఆ మనిషి యజమాని. ఆయన లెక్క అదీ. ఆ లెక్కతోనే ఆరేళ్లుగా బావమరిదితో పని మాటలు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆమె దినానికి వచ్చినప్పుడు కూడా మాట్లాడలేదు.

ఈ ఏడాది ఆస్పత్రులు మళ్లీ తారీకు మార్చుకునే వీలు కావాలని పట్టుబట్టాయి. బావమరిది మీటింగు పెట్టాడు.

"ఈసారి మనిషి కన్ను మీద ఆధారపడేది లేదు. పరీక్షలన్నీ యంత్రమే నడపాలి. అది సరే అంటేనే కోడు లోపలికి రావాలి."

మనిషి కన్ను అన్న మాట దగ్గర ఆయన తలెత్తి చూశాడు. బావమరిది చూపు తిప్పుకున్నాడు.

ఆ పనికి ఒకావిడను తీసుకున్నారు. నలభై దగ్గర వయసు, ఇద్దరు పిల్లల తల్లి, ఇంతకుముందు రెండు పెద్ద కంపెనీల్లో ఇదే పని చేసి వచ్చిన మనిషి. కొత్తావిడ అన్నారు అందరూ. చేరిన రోజునే ఆయన బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుంది.

"బాబాయిగారూ, పాత పరీక్షల జాబితా ఏమైనా ఉందా?"

"ఆఫీసులో బాబాయిలెవరూ లేరు."

"సరే సార్. జాబితా ఉందా?"

"ఉంది. ఇవ్వను."

"మీ ఇష్టం. నేనే మొదటి నుంచీ రాసుకోవాలి. ఆర్నెల్లు పడుతుంది. మీ బావమరిదిగారికి అంత ఓపిక లేదు, సగంలో ఆపేయమంటారు. ఆ సగం చూసి జనం, ముందున్నావిడ కూడా ఇంతే చూసేదేమో అనుకుంటారు."

ఎక్కడ కొట్టాలో తెలిసిన మనిషి. మర్నాడు ఆయన సంచిలో అయిదు నోటుపుస్తకాలూ తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"టీ కప్పు దగ్గర పెట్టకండి" అన్నాడు.

పుస్తకాల కంటే ముందు ఆవిడ ఇంకో పని చేసింది. కోడు రాసిన తీరును తనిఖీ చేసే ప్రోగ్రాము ఒకటి తెచ్చి, ఉన్న కోడు మొత్తం దాని ముందు పెట్టింది.

"మూడు వేల నూట పద్దెనిమిది" అంది.

"ఏమిటవి?"

"మీ కోడు మీద ఫిర్యాదులు."

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇక్కడ ఒక పేరు పెట్టారు, ఎక్కడా వాడలేదంటోంది. ఇదిగో, ఈ లైను దాకా ఎప్పటికీ ఎవరూ రారంటోంది."

"రారని దానికెలా తెలుసు?"

"పైన మీరే తలుపేసేశారు కద్సార్."

పక్క గదిలోంచి ఎవరో అరిచారు. "చెక్‌పోస్టుకే చెక్‌పోస్టు పడిందిరోయ్!"

నవ్వులు లేచాయి. ఆయన నవ్వలేదు. పదకొండు రోజులు కూర్చుని మూడు వేల నూట పద్దెనిమిదీ ఒక్కొక్కటే సరిచేశాడు. ఎవరినీ సాయం రానివ్వలేదు. ఆఖరిది పోయాక ఆ ప్రోగ్రాము ఏమీ అనకుండా ఊరుకుంది. అది ఊరుకోవడం ఆయనకు నచ్చింది. లోపల ఏదో పెట్టుకుని ఊరుకునే రకం కాదది.

తరువాత పుస్తకాలు తెరిచారు. కొత్తావిడ ఒక్కొక్క పరీక్షా పైకి చదివి, బ్రౌజరు దానంతట అదే నడిచేలా రాసేది. పేజీ తెరుచుకునేది, ఎవరి చెయ్యీ లేకుండా అక్షరాలు పడేవి, బటను నొక్కుకునేది. ఆయన పక్కన కూర్చునేవాడు. మూడో రోజుకు ఆవిడ చదవడం ఆపి ఆయన వంక చూసింది.

"ఏమిటి?" అన్నాడు.

"ప్రతి మెట్టుకూ ఊఁ కొడుతున్నారు."

ఆయన లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు. తరువాత కూడా ఊఁ కొట్టడం మానలేదు.

వరసలు తీసేసి మామూలు పేర్లు పెట్టమని బావమరిది అన్నాడు. కొత్తావిడే ఒప్పుకోలేదు. "వియ్యపురాలు పడిపోయింది అంటే ఎక్కడ పాడైందో ఆఫీసంతటికీ ఒక్క క్షణంలో తెలుస్తుందండీ. పరీక్ష ఎనభై రెండు పడిపోయింది అంటే ఎవరికి తెలుస్తుంది?" అంది. అలా అయిదు పుస్తకాల చుట్టాలూ యంత్రంలోకి చేరారు. నాలుగు వందల పన్నెండు మంది. ఆమెకు రెండున్నర రోజులు పట్టేది. యంత్రం నాలుగు నిమిషాల్లో అందరినీ పలకరించి వచ్చేది. స్క్రీను మీద వరసగా పచ్చ గుర్తులు పడుతుంటే ఆయనకు టిక్కులే గుర్తొచ్చేవి. ఆమె టిక్కు కాలు పొడుగు. పక్క గడిలోకి పోయేది. గడిలో ఉంచవే అంటే, "నీ కోడు ఉంటోందా గడిలో?" అనేది.

ఒకరోజు ఆయన అడిగాడు.

"ఈ పరీక్షల్ని పాత కోడు మీద నడపొచ్చా? ఆరేళ్లు, పదేళ్ల కిందటి దాని మీద?"

"నడపొచ్చు. చరిత్ర అంతా దాచే ఉంది కదా. ఏ రోజు ఎవరు ఏ లైను మార్చారో పేరుతో సహా ఉంటుంది. ఎందుకు?"

"ఒక పేరు కావాలి."

తారీకు మార్చుకునే వీలు ప్రోగ్రాములో ఉన్నది నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో నలభై నాలుగు విడుదలలు. మేనత్త పరీక్షను నలభై నాలుగింటి మీదా నడిపితే, ఏ విడుదల దాకా పచ్చగా ఉందో, ఏ విడుదలలో ఎర్రబడిందో తేలిపోతుంది. ఎర్రబడిన చోట ఎవరు చెయ్యి పెట్టారో ఉంటుంది. యంత్రానికి బావమరిదీ లేడు, యజమానీ లేడు.

ఆ సోమవారం మీటింగులో ఆయన లేచి నిలబడ్డాడు. ఆరేళ్లలో మొదటిసారి.

"ఆ రోజు మా ఆవిణ్ని ఇదే గదిలో అడిగారు. వచ్చే సోమవారం ఇదే గదిలో, ఆ కోడు పాడు చేసిందెవరో పేరు చదువుతాను."

బావమరిది పెన్ను కింద పెట్టాడు.

"నా పేరే వస్తే?"

"నీదే చదువుతాను."

"చదువు బావా. నిలబడతాను."

అతను అలా అంటాడని ఆయన అనుకోలేదు. ఎదురు తిరిగి ఉంటే బాగుండేది.

పాత కోడును లేపడానికి అప్పటి సర్వరు కావాలి, అప్పటి సమాచారం కావాలి. కొత్తావిడ ఎక్కడో మూల దాచిన పాత నకళ్లు తవ్వి తీసి నాలుగు రోజులు కుస్తీ పట్టింది. శుక్రవారం భోజనాల వేళకు సిద్ధమైంది. అందరూ తినడానికి వెళ్లారు. ఇద్దరే ఉన్నారు.

చివరి నుంచి మొదలుపెట్టారు. నలభై నాలుగు, ఎరుపు. అది తెలిసిందే. నలభై మూడు, ఎరుపు. నలభై రెండు, ఎరుపు. ఎక్కడో ఒకచోట పచ్చబడాలి. ముప్పై, ఎరుపు. ఆయన ముందుకు వంగాడు. ఇరవై, ఎరుపు. పది, ఎరుపు. మూడు, రెండు, ఒకటి.

ఒకటి దగ్గర పాడు చేయడానికి ముందు బాగున్నదంటూ ఏమీ లేదు. ఆ భాగం మొత్తం ఒకే రోజు, ఒకే చేత్తో రాసింది. పక్కన పేరు ఉంది. ఆయన పేరు.

"పరీక్ష తప్పు" అన్నాడు ఆయన.

"సార్..."

"పరీక్ష తప్పు. మీరు రాయడంలో ఎక్కడో తేడా వచ్చింది."

కొత్తావిడ వాదించలేదు. నోటుపుస్తకం తీసి ఎదురుగా పెట్టి, ఆ పాత ప్రోగ్రాములో ఆ మెట్లన్నీ చేత్తో నొక్కింది. తారీకు మార్చింది. వెళ్లాల్సిన సందేశాల పట్టిక తెరిచింది. కొత్త తారీకుకు ఒకటి ఉంది. పాత తారీకుకూ ఒకటి ఉంది.

పరీక్ష తప్పు అన్న మాట ఆయన ఇంతకుముందు ఒకసారి అన్నాడు. ఇదే మాట. అప్పుడు ఇంట్లో, వంటగది గుమ్మంలో నిలబడి. మేనత్త దగ్గర రెండు సందేశాలు కనిపిస్తున్నాయి అని ఆమె చెప్పింది. నీ పరీక్ష తప్పు, పాత పేజీ చూసుంటావు అన్నాడు. మూడు రోజులు మాట్లాడలేదు. ఎప్పుడు తప్పు చూపినా మూడు రోజులు మూతి ముడుచుకోవడం ఆయనకు అలవాటు. ఒకే డబ్బాలో తెచ్చుకున్న అన్నం కూడా పక్క బల్ల మీద కూర్చుని తినేవాడు. నాలుగో రోజు చూస్తే పుస్తకంలో టిక్కు ఉంది. "చూశావా?" అన్నాడు. "ఆఁ, చూశాను" అంది. ఆ సాయంత్రం ఆయన హుషారుగా ఉన్నాడు. అది కూడా గుర్తుంది.

"కానీ సార్, ఒకటి అర్థం కావట్లేదు" అంది కొత్తావిడ. "మొదటి నుంచీ ఇలాగే ఉంటే నాలుగేళ్లు ఎవరికీ తప్పు సందేశం ఎందుకు వెళ్లలేదు?"

పాత సమాచారంలో వెతికింది. సందేశం ఎవరైనా తీసేస్తే తీసేసినవాళ్ల పేరు, వేళ అందులో పడుతుంది. ఆవిడ చాలాసేపు కిందికి, ఇంకా కిందికి జరుపుతూ పోయింది. తరువాత స్క్రీను ఆయన వైపు తిప్పింది.

పొద్దున ఎనిమిదీ నలభై. ఎనిమిదీ నలభై రెండు. ఎనిమిదీ ముప్పై తొమ్మిది. నాలుగేళ్లు, ఆఫీసున్న ప్రతిరోజూ. తారీకు మార్చుకున్నవాళ్ల పాత సందేశాలను ఒక్కొక్కటే చేత్తో తీసేశారు. సెలవుకు ముందురోజైతే రెండు రోజులవి కలిపి తీసేశారు. అన్నింటి పక్కనా ఆమె పేరే. ఆరేళ్ల కిందట ఒకచోట తొమ్మిది రోజులు ఖాళీ. ఆ తొమ్మిది రోజులూ ఆమె జ్వరంతో పడుకుని ఉంది. ముసలావిడ తారీకు అందులోనే ఉంది.

ఆ రోజుల్లో ఆమె ఆయన కంటే అరగంట ముందు ఇంట్లోంచి బయలుదేరేది. నువ్వు మెల్లగా తిని రా, నేను వెళ్లి వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తాను అనేది. వరండాలో ఉన్నవి రెండు కుండీలు. రెండు కుండీలకు అరగంట ఎందుకని ఆయన ఒక్కసారీ అడగలేదు. పైగా తొమ్మిదింటికి వచ్చేసరికి ఆమె కుర్చీలో తీరిగ్గా కూర్చుని ఉంటే, పొద్దున్నే మనిషి ముఖం ఎంత తేటగా ఉందో అనుకునేవాడు. జ్వరంలో రెండోరోజు లేచి చెప్పులు వేసుకోబోతే చెయ్యి పట్టుకుని పడుకోబెట్టింది కూడా ఆయనే. "ఒక్క అరగంట వెళ్లొస్తాను" అని బతిమాలింది. "నీ మొక్కలు చావవులే" అన్నాడు.

ఊళ్లో బడిలో చదువుకున్నప్పుడు మాష్టారు పలకలు మార్పించి దిద్దించేవారు. తప్పు లెక్కకు రైటు కొట్టినవాడికి, లెక్క తప్పిన వాడికంటే రెండు దెబ్బలు ఎక్కువ పడేవి. ఆ పద్ధతి సరైనదని ఆయన జీవితమంతా నమ్మాడు. ఆఫీసులో ఎందరినో ఆ లెక్కనే ఏడిపించాడు. ఇప్పుడు ఆమె వేసిన నలభై నాలుగు టిక్కులూ ఎదురుగా ఉన్నాయి.

"సార్, సోమవారం ఇదంతా చెప్పక్కర్లేదు" అంది కొత్తావిడ మెల్లగా. "పాత కోడు సరిగ్గా లేవలేదు, ఏమీ తేలలేదు అనేద్దాం. నేనే అంటాను. ఎవరూ అడగరు."

ఏమీ తేలలేదంటే ఆమె మాటే నిలిచిపోతుంది. నాదే పొరపాటు అన్న మాట. ఆ గదిలో ఆఖరిగా వినబడ్డ మాట అదే అవుతుంది.

"మేనత్త పరీక్ష ఉంచండి" అన్నాడు ఆయన. "కొత్త కోడు నేను రాస్తాను."

శనివారం వచ్చి రాశాడు. తారీకు మారినప్పుడు పాత సందేశాన్ని తీసేయడానికి నాలుగు లైన్లు చాలాయి. పదేళ్ల కిందట కూడా నాలుగే చాలేవి. యంత్రం ముందు పెడితే నాలుగు నిమిషాలు తిరిగి, నాలుగు వందల పన్నెండూ పచ్చగా చూపించి లోపలికి రానిచ్చింది. ఎవరూ పుస్తకం మూయలేదు. ఎవరూ పంపెయ్ అనలేదు. అదే పంపేసింది.

సోమవారం గదిలో పదకొండుమంది ఉన్నారు. బావమరిది చెప్పినట్టే గోడ పక్కన నిలబడి ఉన్నాడు, పేరు వస్తే ముందుకు రావడానికి. ముఖం పాలిపోయి ఉంది. ఆయన కాగితం తేలేదు.

"తప్పు నాది" అన్నాడు. "మొదటి రోజు నుంచీ ఉంది. ఆమె పట్టింది, నాకు చెప్పింది. నేను వినలేదు. నా పరువు కోసం టిక్కు పెట్టి, నాలుగేళ్లు రోజూ పొద్దున్నే వచ్చి చేత్తో సరిచేసింది. జ్వరం వచ్చిన తొమ్మిది రోజులు చేయలేకపోయింది. అంతే."

కూర్చున్నాడు.

మీటింగు అయ్యాక బావమరిది ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావా, మరి ఆ రోజు నేనడిగినప్పుడు అక్క ఒక్క మాట అనుంటే..."

ఆయన స్క్రీను మీంచి చూపు తిప్పలేదు.

"నీకైనా ఎప్పుడూ చెప్పలేదా బావా? ఫోన్ల దగ్గర కూర్చున్న ఆ రెండేళ్లలో ఒక్కసారైనా? పోయేముందైనా?"

"చెప్పలేదు."

"నేనంత మాట అనుండకూడదు. నన్ను..."

"ఆగు."

బావమరిది ఆగాడు. క్షమించమంటాడని ఆయనకు తెలుసు. క్షమించలేదు. తప్పు ఎవరిదైనా, అక్కను అందరి ముందూ అడగడం అతను చేసిందే. ఆమెనూ క్షమించలేదు. తను మూడు రోజులు మూతి ముడుచుకుంటే ముడుచుకోనివ్వాల్సింది. టిక్కు బదులు ఎర్ర సిరాతో కొట్టాల్సింది. ఇక మిగిలినవాడి సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"అందరి ముందూ అనాల్సింది అన్నాను" అన్నాడు. "ఇక ఈ సంగతి నా నోట రాదు. నువ్వెత్తితే లేచి వెళ్లిపోతాను."

"ఇంట్లోనైనా? మనిద్దరమే ఉన్నప్పుడైనా?"

"ఎక్కడైనా."

బావమరిది ఇంకాసేపు కూర్చున్నాడు. ఆయన కోడు రాసుకుంటున్నాడు. చివరికి అతను లేచి, స్టూలు చప్పుడు కాకుండా పక్కకు జరిపి వెళ్లిపోయాడు. వారం తరువాత కొత్తావిడ ఆ సంగతి అడగబోయింది. ఆయన అన్నమాట ప్రకారం లేచి బయటికి వెళ్లాడు.